కోతులు వదిలేసినవి

నా చిన్నప్పుడు మా ఇంట్లో క్రిస్మస్ వానాకాలంలోనే మొదలయ్యేది. నాట్లు అయిపోయి, చేలల్లో పని కాస్త తగ్గగానే మా నాయనమ్మ కొంగున మూటగట్టి దాచిన బంతి విత్తనాలు విప్పేది. పెరట్లో గట్టిపడ్డ మట్టిని గుల్లచేసి, వరుసలు గీసి, విత్తనాలు చల్లి, "ఇవి పండుగ పూలు, తొక్కినోళ్ళ కాళ్ళిరగ్గొడ్త" అని పిల్లలందరినీ ముందే బెదిరించేది. బంతి తర్వాత చామంతి పిలకలు, వాటి వెనక సీతమ్మవారి జడకుచ్చులు. డిసెంబరు వచ్చేసరికి మా పెరడు చూడాలంటే రెండు కళ్ళు చాలేవి కావు.

పాల్వంచ నుంచి భద్రాచలం పోయే రోడ్డు దిగి, అడవి దిక్కుగా కొంత దూరం నడిస్తే మా ఊరు. ఊళ్ళో చిన్న చర్చి ఉండేది. క్రిస్మస్ పొద్దున ఆరాధనకు పాస్టరు అయ్యగారు నిలబడి ప్రార్థన చేసే బల్ల ముందు పెట్టే పూలకుండ మా నాయనమ్మది. ఎవరు ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో తెలియదు గానీ ఆ పని ఆమెదే. వెడల్పు మూతి మట్టికుండలో తడి ఇసుక నింపి, కాడలు ఒక్కొక్కటే గుచ్చి, వెనక్కి జరిగి చూసి, మళ్ళీ పీకి గుచ్చి, చీకటి పడేదాకా దాని చుట్టూ తిరిగేది. ఆ పూట ఆమెను అన్నం తినమని అడిగే ధైర్యం మా తాతయ్యకు కూడా ఉండేది కాదు.

నాకు పదేళ్ళున్న ఏడాది నాయనమ్మ కళ్ళలో పొరలు కమ్మాయి. పండుగకు కొద్దిరోజుల ముందే దవాఖానాలో ఆపరేషన్ చేశారు. ఇప్పటిలాగా పొద్దున వెళ్ళి సాయంత్రానికి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చే రోజులు కావవి. రెండు కళ్ళకూ దూది పెట్టి, తల చుట్టూ కట్టు కట్టి, వెల్లకిలా పడుకోబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా అమ్మకు గట్టిగా చెప్పాడట. దగ్గకూడదు, తుమ్మకూడదు, వంగకూడదు, పడిపడి నవ్వకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా ఏడవకూడదు. కుట్లు తెగితే మళ్ళీ వేయడం కుదరదు, చూపు పోతుంది అన్నాడు.

నాయనమ్మ అన్నిటికీ తలూపి ఇంటికి వచ్చింది. వచ్చి పడుకుంటూనే నన్ను పిలిచి చెయ్యి పట్టుకుంది. "ఈయేడు కుండ నువ్వే పెట్టాలె బిడ్డా. పూలన్నీ ఉన్నయి, నేను పెంచిన. పెట్టినంక వచ్చి నాకు చెప్పు. ఏది యాడ పెట్టినవో అన్నీ చెప్పాలె" అంది. నా గుండె ఉప్పొంగిపోయింది. ఆ రోజంతా కాలు నేల మీద నిలవలేదు. బళ్ళో పలక మీద లెక్కలకు బదులు కుండలు గీసి పంతులుగారితో తిట్లు కూడా తిన్నాను.

పండుగ ఇంక రెండు రోజులుందనగా కోతులు వచ్చాయి.

నేను బళ్ళో ఉన్నాను. నాయనమ్మ కళ్ళలో వేసే మందు కోసం తాతయ్య పాల్వంచ వెళ్ళాడు. అమ్మ వీధి అరుగు మీద పప్పు రుబ్బుతోందట. ఆమె కర్ర పట్టుకుని పెరట్లోకి ఉరికేలోపే అడవి నుంచి దిగిన మంద పని పూర్తిచేసుకుంది. నేను వచ్చి చూసేసరికి బంతి వరుస తలలు లేకుండా నిలబడి ఉంది. చామంతులు వేళ్ళతో సహా బయటపడ్డాయి. జడకుచ్చులను తినలేదు, ఊరికే పీకి ఆడుకున్నాయి. తినేవి తిన్నందుకు అంత బాధ లేదు, ఆటకు పీకినవాటిని చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. గోడ మీద మిగిలిన ఒక పిల్లకోతి చేతిలో పసుపు బంతి పట్టుకుని నావైపే చూస్తూ రేకులు ఒక్కొక్కటే పీకుతోంది. దాని మీదికి నా పలక విసిరాను. పలక పగిలింది, కోతికి ఏమీ కాలేదు.

ఏడుపు తన్నుకొచ్చింది. నోరు తెరిచేలోపే అమ్మ వచ్చి నా నోరు మూసింది. లోపలి గదిలో నాయనమ్మ పడుకుని ఉంది. పెరట్లో ఏం జరిగిందో తెలిస్తే ఆమె ఏడవకుండా ఉంటుందా? వానల నుంచి ఒక్కో మొక్కకూ చెంబుతో నీళ్ళు పోసి పెంచిన మనిషి. ఏడిస్తే కుట్లు, కుట్లు పోతే కళ్ళు. "పెంకుల మీద ఏందే ఆ చప్పుడు?" అని ఆమె అడిగితే పిల్లులు కొట్లాడుకున్నాయని అమ్మ చెప్పిందట. "అవునా" అని ఊరుకుందట.

ఆ సాయంత్రమే ఊరంతా తెలిసిపోయింది. చర్చి అయ్యగారి భార్య వచ్చి వాకిట్లోనే మెల్లగా మాట్లాడింది. చాలా మంచి మనిషి. ఖమ్మంలో కొన్న ప్లాస్టిక్ గులాబీలు తన ట్రంకు పెట్టెలో ఉన్నాయని, ఈ ఒక్క ఏడాదికి వాటిని పెట్టుకుందామని అంది. అప్పట్లో ప్లాస్టిక్ పూలంటే అబ్బో, ఎంతో గొప్ప. అమ్మ ముఖం తేలికపడింది. నాకు మాత్రం ఆ దారి లేదు. పండుగ నాడు నాయనమ్మ అడుగుతుంది, ఏది ఎక్కడ పెట్టావే అని. నేనేం చెప్పాలి? అబద్ధం చెప్తే నా గొంతులోనే పట్టేస్తుంది, ఆమె దగ్గర ఏ రోజూ నా అబద్ధం ఒక్కటి కూడా చెల్లలేదు. నిజం చెప్తే ఏడుస్తుంది. నా నోటిమాటతో నాయనమ్మ కళ్ళు పోతాయన్న భయం ఆ వయసులో ఎంత పెద్దదో ఎవరికి చెప్పినా అర్థం కాదు.

తాతయ్య చీకటి పడ్డాక వచ్చాడు. లాంతరు పట్టుకుని పెరడంతా తిరిగి చూశాడు. మా తాతయ్యకు రెండు విషయాల్లో గర్వం. ఒకటి ఆయన పాట, రెండోది ఆయన మీసం. పాట గురించి ఊళ్ళో ఎవరూ ఏమీ అనేవారు కాదు, మర్యాద కోసం. మీసం మాత్రం నిజంగా చూడదగ్గదే. కొబ్బరినూనె రాసి, కొసలు మెలిపెట్టి, రోజూ అద్దం ముందు దానికి చేసే సేవ మా అమ్మ చంటిపిల్లలకు కూడా చేయలేదు. ఆ మీసం దువ్వుకుంటూ నా పక్కన కూర్చుని, ఏడుపు ఆపమని అనకుండా, ఆట ఆడుదామా అన్నాడు.

"రేపు పొద్దుమూకేదాక మనిద్దరం పెరట్ల దేని పేరూ అనొద్దు. చెట్టు పేరొద్దు, కాయ పేరొద్దు. రంగు చెప్పొచ్చు, ఎట్లుందో చెప్పొచ్చు. ముందుగాల పేరు పలికినోళ్ళు ఓడినట్టు."

ఓడితే ఏంటి అని అడిగాను. నేనోడితే పండుగ రోజంతా కూర్చుని ఆయన పాటలన్నీ వినాలి. ఆయన ఓడితే మీసం తీసేస్తాడు. నాకు ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. ఆ మీసం మీద పందెం అంటే మాటలా! ఎందుకు ఈ ఆట అని అడిగాను. పేరు పలికితే కన్ను పని మానేస్తుందని, నోరో కడుపో ముందుకు వస్తుందని చెప్పాడు. "దొండ అన్నవనుకో, కూర యాదికొస్తది. ఇగ దాని దిక్కు చూస్తవా? చూడవు. ఆట ఇంక మొదలుకాలే, అందుకే చెప్తున్న" అని నవ్వాడు.

మర్నాడు బడి లేదు. ఎండ పైకి రాకముందే ఆయన కొడవలి, నేను తట్ట పట్టుకుని దిగాం. మొదట నాకు ఏమీ కనిపించలేదు. కోతులు తిని పోయిన మొండి కాడలే కనిపించాయి. అవి చూడకు, అవి లేవు, కుండలోకి కోతులు ముట్టనివి చూడు అన్నాడు తాతయ్య. అలా అన్నాక ఏదో తెర తొలగిపోయింది. ముళ్ళకంచె పొడుగునా ఎర్రగా, నున్నగా, వేలంత పొడుగున ఏవో వేలాడుతున్నాయి. ఎన్నేళ్ళుగానో వాటిని కూరకు పనికిరాకుండా పండిపోయినవని వదిలేసేవాళ్ళం. ముళ్ళలో చిక్కుకున్నాయి కాబట్టి కోతులు కూడా వదిలేశాయి. "ఎర్రగా, కొవ్వొత్తుల్లాగా ఉన్నాయి!" అని అరిచాను. "కొయ్యి!" అని తాతయ్య కూడా అరిచాడు.

ఇక ఆగలేదు. నిట్టనిలువుగా నిలబడ్డ చిన్న ఎర్రటివి ఒక మడినిండా ఉన్నాయి, కోతి నోట పెట్టుకుంటే మళ్ళీ జన్మలో మా పెరటికి రాదు. నూతి పక్కన మనిషెత్తు చెట్టుకు గుత్తులు గుత్తులుగా ముళ్ళముళ్ళ బంతులు, సగం పచ్చవి, సగం కుంకుమరంగువి. నేల మీద మిరియాలంత నల్లటి పళ్ళ గుత్తులు, ఎండకు మెరుస్తూ. కంచె బయట వంకరముళ్ళ కొమ్మ మీద పచ్చవి, పసుపువి, ఇటుకరంగువి ఒకే రెమ్మకు. చలికాలం రాగానే ఊదారంగులో పూసి, తలలో పెట్టుకుంటే సాయంత్రానికి వాడిపోయే పూలు గోడవారన కోతుల కంటపడకుండా బతికిపోయాయి. నేను ఒక్కోదాని దగ్గరా రంగు అరవడం, తాతయ్య కోయడం. నాలుక చివరిదాకా పేరు వచ్చి ఆగిపోయేది. ఆయన కూడా రెండుసార్లు నోరు తెరిచి మీసం మీద చెయ్యి వేసుకుని మూసేశాడు. నాకు నవ్వు ఆగేది కాదు, లోపల నాయనమ్మకు వినిపిస్తుందని చేతిలోని తట్టనే నోటికి అడ్డం పెట్టుకున్నాను.

పక్కింటి కంచె మీద ఊదారంగు పూలగుత్తులతో ఒక తీగ పాకి మావైపు వంగింది. అంత అందమైనది పెరట్లో ఇంకొకటి లేదు. చెయ్యి చాచాను. తాతయ్య మాట్లాడకుండా తల అడ్డంగా ఊపాడు. పక్కింటివాళ్ళు అడవిపల్లె నుంచి వచ్చినవాళ్ళు. కొత్త కాపు ముందుగా దేవుడికి పెట్టే వాళ్ళ కొత్తల పండుగ అయ్యేదాకా ఆ తీగ మీది కాయ తుంచరు, తినరు, వేరేవాళ్ళు తుంచినా వాళ్ళ మనసు కష్టపడుతుంది. మనది మన పండుగ, వాళ్ళది వాళ్ళ పండుగ అన్నాడు. అది మావైపే వంగిందిగా అని వాదించబోయాను గానీ ఆయన అప్పటికే ముందుకు వెళ్ళిపోయాడు.

కంచె చివర, మేము ఎప్పుడూ వెళ్ళని మూలలో చూశాను దాన్ని. బంగారం! నిజంగా బంగారమే అనుకున్నాను. ఎండిన తీగకు గుత్తులుగా వేలాడుతూ, ముఖమల్ గుడ్డ చుట్టినట్టు నూగుతో, పొద్దుటి ఎండలో ధగధగలాడుతోంది. దీని ముందు బంతిపూలు ఏపాటివి! నాయనమ్మ కూడా ఇలాంటిది ఎప్పుడూ పెట్టలేదు. తాతయ్యను పిలవకుండానే పరుగెత్తాను. రెండు చేతులూ చాచాను.

"దురదగొండే! ముట్టకు!"

అంత గట్టిగా ఆయన ఎప్పుడూ అరవలేదు. నా చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి. ఆ నూగు ఒక్క పోగు తగిలినా ఒళ్ళంతా రక్కుకుని, పండుగ పూట పేడ పులుముకుని కూర్చోవాల్సి వచ్చేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒకటే తట్టింది. ఎగిరి గంతేసి, "ఓడిండు! తాతయ్య ఓడిండు!" అని పెరడంతా తిరిగాను. ఆయన చెయ్యి తనంతట తానే మీసం మీదికి వెళ్ళింది. కాసేపు నిలబడి, నవ్వి, నన్ను దగ్గరకు లాక్కున్నాడు.

"చూసేటప్పుడు పేరు మర్వాలె బిడ్డా. చెయ్యి పెట్టేటప్పుడు యాదికి తెచ్చుకోవాలె" అన్నాడు.

ఆ సాయంత్రం కుండ నేనే పెట్టాను. తాతయ్య ఇసుక తడిపి ఇచ్చాడు, అంతే, వేలు పెట్టలేదు. పొడుగు గుత్తులు వెనక నిలబెట్టాను. అవి ఒక పక్కకు వాలిపోయాయి. పీకి మళ్ళీ గుచ్చాను. ఎర్రటి తీగను కుండ మూతి మీద నుంచి కిందికి జారవిడిచాను. నల్లటి గుత్తులు ఎక్కడ పెట్టినా కనిపించకుండా పోతుంటే, వాటి వెనక ఊదాపూలు పెట్టగానే ఒక్కసారిగా కళ్ళు తెరిచినట్టు పైకి వచ్చాయి. ఆ సంతోషం ఎలా చెప్పను! అన్నానికి పిలిస్తే అమ్మ మీద విసుక్కున్నాను. నాయనమ్మ ఎందుకు విసుక్కునేదో అప్పుడు తెలిసింది. ముళ్ళు గుచ్చుకుని వేళ్ళు మండుతున్నాయి, మిరప మడిలో తిరిగిన చేత్తో ముక్కు తుడుచుకుని ఇంకా మండించుకున్నాను.

క్రిస్మస్ పొద్దున చర్చిలో మా కుండ బల్ల ముందు కూర్చుంది. అయ్యగారి భార్య దాన్ని చూసి, తెచ్చిన ప్లాస్టిక్ గులాబీలను మారుమాట లేకుండా కిటికీలో పెట్టేసింది. ఆరాధన అయ్యేదాకా జనం మెడలు చాపి చూస్తూనే ఉన్నారు. అయిపోగానే చుట్టూ మూగారు. ఇది మా కంచె మీది దొండపండే కదా అని ఒకరు, ఇది ఆముదం కాయే అని ఒకరు, పండుమిర్చి, కామంచి, రేగుపళ్ళు అని పేర్లు ఒకటే కేకలు. ప్రతి ఇంట్లో ఉన్నవే. ఉన్నవే అని కనిపెట్టినందుకు వాళ్ళకు ఎంత సంబరమో! ఇంకొంత మందికి సంబరం తాతయ్యను చూసి. పొద్దున్నే గొరిగించుకుని వచ్చిన ఆయన నున్నటి ముఖాన్ని ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టలేదు. ఎవరింటి చుట్టం వచ్చాడని ఒక పెద్దాయన, పనిచేసే ఊరి నుంచి పండుగకు వచ్చిన మా నాన్ననే అడిగాడు.

ఇంటికి వచ్చేదారిలో నా నవ్వు తగ్గిపోయింది. నాయనమ్మ ఎదురుచూస్తోంది. గది చీకటిగా ఉంది. మంచం పట్టె మీద కూర్చున్నాను. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. తాతయ్య నా వీపు మీద చెయ్యి వేసి, పేర్లు వద్దు, చూసింది చెప్పు అని చెవిలో అన్నాడు.

మొదలుపెట్టాను. వెనక నిటారుగా ముళ్ళముళ్ళ బంతులు, సగం కుంకుమరంగు అని చెప్పాను. ఎర్రటివి కుండ అంచు మీద నుంచి జారుతున్నాయి, కింద బల్ల గుడ్డకు తగులుతున్నాయి అని చెప్పాను. నల్లటివి చిన్నచిన్న కళ్ళలాగా ఉన్నాయని, వాటి వెనక ఊదారంగు ఉందని, పొద్దు కిటికీలోంచి పడితే ఒక వైపే మెరిసిందని చెప్పాను. చెప్తున్నంతసేపూ నా చూపు ఆమె కళ్ళ మీది కట్టు మీదే ఉంది. తడుస్తుందేమోనని. దూది కొస కాస్త నల్లబడినట్టు కనిపించినా వంగి చూసేదాన్ని. నాయనమ్మ కదలకుండా విన్నది. వేళ్ళు మాత్రం దుప్పటి మీద ఒక్కోదాన్నీ గుచ్చుతున్నట్టు కదులుతున్నాయి.

నేను ఆపాక దుప్పటి మీది ఆ వేళ్ళు కూడా ఆగాయి.

"మరి నా బంతులేవే?" అంది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ఏదో చెప్పబోయింది. నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది.

"కండ్లకు కట్టు కట్టిండ్రు గని చెవులకు కట్టిండ్రా? కోతులకూ పిల్లులకూ తేడా తెల్వదా నాకు? ఆ మంద పెంకుల మీద దూకినప్పుడే నా పెరడు అయిపోయిందనుకున్న."

అప్పుడు ఏడవలేదా అని అమ్మ భయంభయంగా అడిగింది. "ఏడ్వొద్దన్నరు కదా, ఏడ్వలే. కోపమొచ్చింది. కోపానికి రావొద్దని డాక్టరు చెప్పలే" అంది నాయనమ్మ. తర్వాత గొంతు తగ్గించి, కోపం కూడా ఒక్క పూటే ఉందని, ఆ తర్వాత పడుకుని ఒకటే ప్రార్థన చేసుకున్నానని చెప్పింది. పూల కోసం కాదట. చర్చిలో ఖాళీ కుండ పక్కన నేను తలొంచుకుని నిలబడకుండా ఉండాలని. మేము ఆమె కళ్ళ కోసం దాస్తుంటే, ఆమె నా ముఖం కోసం తెలియనట్టు పడుకుంది.

ఇంతలో తాతయ్య ముందుకు వంగి ఆమె దుప్పటి సర్దబోయాడు. ఆమె చెయ్యి ఆయన ముఖానికి తగిలింది. ఆగింది. పై పెదవి మీద అటూ ఇటూ వెతికింది. నాయనమ్మ పెదవులు బిగించింది, భుజాలు వణికాయి. "నవ్వకు! కుట్లు! కుట్లు!" అని అమ్మ కేకపెట్టింది. నాయనమ్మ దిండు అంచు నోట్లో కుక్కుకుంది. తాతయ్య సిగ్గుతో వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

కొత్త సంవత్సరం వచ్చాక కట్టు విప్పారు. చూపు వచ్చింది. మొట్టమొదట ఆమె అడిగింది కుండనే. చర్చి నుంచి తెచ్చి ముందు పెట్టాను. అప్పటికి ఎర్రటివి ముడతలు పడి నల్లబడ్డాయి, ఊదాపూలు రాలిపోయాయి, ఒక కొమ్మ పక్కకు వాలింది. నాయనమ్మ చాలాసేపు చూసింది. దాన్ని పక్కకు జరిపి నా తల నిమిరి, "నువ్వు చెప్పిందే మంచిగుంది" అంది.

నాకు ఇప్పుడు మనవలున్నారు. ఖమ్మంలో మూడో అంతస్తులో ఉంటున్నాను, పెరడు లేదు. పూలు పెట్టడంలో నేనేమీ పెద్ద పనిమంతురాలిని కాలేదు కూడా. ఆ రోజు నుంచి నాతో వచ్చింది ఇంకొకటి. మంచాన పడ్డవాళ్ళను చూడబోయేటప్పుడు అందరూ బత్తాయిలు, బిస్కట్ ప్యాకెట్లు పట్టుకెళ్తారు. నేను దారంతా చూసుకుంటూ వెళ్తాను. వెళ్ళి పక్కన కూర్చుని, ఎలా ఉన్నావు అని అడగకుండా, చూసింది చూసినట్టు చెప్తాను. వాళ్ళ బాధ గురించి రోజూ అందరూ మాట్లాడుతూనే ఉంటారు, బయట ఏ రంగు ఉందో చెప్పేవాళ్ళే ఉండరు.

మొన్న చలికాలంలో పాల్వంచ కాలనీలో తుంటి విరిగి మంచాన ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలి దగ్గరికి వెళ్ళాను. ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా బస్సు కిటికీలోంచి కనిపించినవన్నీ చెప్పాను. కల్లాల్లో ఆరబోసిన ఎరుపు, దాని మీద నీలం చీర కట్టుకుని నడుస్తున్న ఒకామె, మంచు విడవని చెరువు మీద తెల్లటి కొంగల వరుస. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. నేను లేచేటప్పుడు మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. నా చెయ్యి వదలకుండా, "ఈసారి భద్రాచలం దిక్కునుంచి చుట్టు తిరిగి రావే. ఆ అడవి చూసి చాన్నాళ్ళైంది నేను" అంది.